డిటెక్టివ్ విజువల్ నావెల్ ఆడటం వర్తేనా? ఆడండి, కానీ రెండు షరతులు

“ఇది గేమా, కథల పుస్తకమా?” ‘ఫీనిక్స్ రైట్: ఏస్ అటార్నీ ట్రైలజీ’ని మొదటిసారి చూసినవాళ్లు దాదాపు అందరూ అడిగే మాట ఇదే. అడగడంలో తప్పేం లేదు. తుపాకీ లేదు, కారు లేదు, పరిగెత్తడం లేదు. స్క్రీన్ మీద ఒక మనిషి బొమ్మ, కింద పెట్టెలో రెండు మూడు లైన్ల డైలాగ్. ట్యాప్ చేస్తే తర్వాతి డైలాగ్. బీజీఎంఐలో ఒక మ్యాచ్ అయిపోయే టైమ్‌కి ఇక్కడ లాయర్ గారు ఇంకా జడ్జి గారికి నమస్కారం పెడుతూనే ఉంటారు.

మరి దీనికి డబ్బులు పెట్టాలా? నా జవాబు ముందే చెప్పేస్తా: పెట్టొచ్చు. కాకపోతే రెండు షరతులు. ఒకటి, దీనికోసం కొత్తగా కన్సోల్ కొనొద్దు. రెండు, వాక్‌త్రూ తెరవొద్దు. మొదటిది మీ జేబు కోసం. రెండోది తప్పితే మాత్రం ఈ గేమ్‌లో మీకు మిగిలేది ఏమీ ఉండదు.

ముందు బేసిక్స్

విజువల్ నావెల్ అంటే సింపుల్‌గా బొమ్మలు, మ్యూజిక్, డైలాగులతో నడిచే కథ. జపాన్‌లో ఇది చాలా పాత జానర్. అందులో డిటెక్టివ్ కథలది ప్రత్యేకమైన లైన్. ఏస్ అటార్నీ మొదటి గేమ్ 2001 అక్టోబర్‌లో జపాన్‌లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చింది. తీసింది క్యాప్‌కామ్, రాసి డైరెక్ట్ చేసింది షు టకుమి. ఆ మెషీన్ స్క్రీన్ రిజల్యూషన్ ఎంతో తెలుసా? 240×160. ఇవాళ మన ఫోన్‌లో ఒక యాప్ ఐకాన్‌కి పట్టే పిక్సెల్స్‌తో మొత్తం కోర్టు హాలు చూపించారు.

2005లో నింటెండో డీఎస్ మీద ఇంగ్లీష్‌లోకి వచ్చింది. మొదటి మూడు గేమ్‌లను కలిపి 2019లో స్విచ్, పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్, పీసీలకు ట్రైలజీగా ఇచ్చారు. 2022లో ఆండ్రాయిడ్, ఐఓఎస్‌లకు కూడా వచ్చేసింది. మూడు గేమ్‌లు, మొత్తం 14 కేసులు. నెమ్మదిగా చదివేవాళ్లకి సుమారు 60 గంటలు.

ఆట ఎక్కడుంది?

చాలా కేసుల్లో రెండు భాగాలు. మొదట దర్యాప్తు: హత్య జరిగిన చోటు వెతకడం, మనుషులతో మాట్లాడటం, ఆధారాలు పోగేయడం. తర్వాత కోర్టు: సాక్షి చెప్పే వాంగ్మూలాన్ని ఒక్కో వాక్యంగా విని, ఏ వాక్యం మీ చేతిలో ఉన్న ఆధారంతో సరిపడట్లేదో పట్టుకోవడం. దొరికితే ఆధారం చూపించి “అబ్జెక్షన్!” అనాలి. తప్పు ఆధారం చూపిస్తే పెనాల్టీ. పెనాల్టీలు ఎక్కువైతే మీ క్లయింట్ జైలుకి.

మొదటి కేసునే చూద్దాం. హంతకుడెవరో గేమ్ మొదటి సీన్‌లోనే చూపించేస్తుంది కాబట్టి ఇది స్పాయిలర్ కాదు. ఒక సాక్షి బోనెక్కి, మధ్యాహ్నం ఒంటి గంటకి శవాన్ని చూశానంటాడు. పోస్ట్‌మార్టం రిపోర్ట్ ప్రకారం హత్య జరిగింది సాయంత్రం నాలుగు తర్వాత. పట్టుకుంటాం. అబ్బే, టీవీలో టైమ్ విన్నానండీ, అదేదో రికార్డెడ్ ప్రోగ్రామ్ అయ్యుంటుంది అంటాడు. మన దగ్గర ఇంకో కాగితం ఉంది: ఆ టైమ్‌లో ఆ బిల్డింగ్‌లో కరెంట్ లేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత చీకట్లో గడిపిన వైజాగ్ వాళ్లకి, కరెంట్ లేకుండా టీవీ మాట్లాడదని ఎవరూ చెప్పక్కర్లేదు కదా. మళ్లీ పట్టుకుంటాం. వాడు ఇంకో అబద్ధం అల్లుతాడు. అక్కడి నుంచి ఏం జరుగుతుందో చెప్పను, అది మీరే పట్టుకోవాలి.

గమనించండి, ఇక్కడ ఎవరూ వేగంగా ట్యాప్ చేసి గెలవలేదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివి గెలిచాం. మా ఫీల్డ్‌లో వాళ్లకి ఇది బాగా అలవాటైన పనే. యూజర్ “నేనేం మార్చలేదండీ, దానంతట అదే ఆగిపోయింది” అంటాడు. లాగ్ తెరిస్తే అదే నిమిషంలో సెట్టింగ్ మారినట్టు ఉంటుంది. మనిషి మాటకీ, లాగ్‌లో ఉన్న టైమ్‌కీ మధ్య తేడా ఎక్కడుందో వెతకడమే డీబగ్గింగ్. ఈ గేమ్ ఆ ఒక్క పనినే తీసుకుని, దానికి మంచి మ్యూజిక్ పెట్టి, ఎదుట ఎడ్జ్‌వర్త్ లాంటి పొగరుబోతు ప్రాసిక్యూటర్‌ని నిలబెట్టింది.

సినిమా చూస్తే సరిపోదా?

మంచి ప్రశ్న. డిటెక్టివ్ కథలు మనకేం కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని మన తాతల తరం ఎగబడి చదివింది. మల్లాది నవల నుంచి జంధ్యాల 1986లో చిరంజీవితో ‘చంటబ్బాయ్’ తీశారు. మన ఊరి సంగతికొస్తే, 2022లో వచ్చిన ‘హిట్: ది సెకండ్ కేస్’ కథ జరిగేది వైజాగ్‌లోనే. 2025లో వచ్చిన ‘కోర్ట్’ కూడా వైజాగ్ కథే, అందులో క్రాస్ ఎగ్జామినేషన్ సీన్లకి థియేటర్లో జనం ఊపిరి బిగబట్టారు.

తేడా ఏంటంటే, సినిమాలో లాయర్ తప్పు పట్టుకునే వరకు మనం కూర్చుంటాం. మనకి తట్టకపోయినా సీన్ ముందుకెళ్తుంది. నవల్లో కూడా అంతే, పేజీ తిప్పేస్తే యుగంధరే చెప్పేస్తాడు. ఈ గేమ్‌లో మీకు తట్టేదాకా కథ కదలదు. సాక్షి అవే ఐదు వాక్యాలు మళ్లీ మళ్లీ చెప్తుంటాడు. అబద్ధం మీ కళ్ల ముందే ఉంటుంది, మీకు కనిపించదు. బస్సు దిగి నడుస్తుంటే సడన్‌గా వెలుగుతుంది. ఆ క్షణం ఏ థ్రిల్లర్ సినిమా కూడా నాకు ఇవ్వలేదు, ఎందుకంటే అక్కడ కనిపెట్టింది ఇంకొకడు.

కంప్లైంట్లు కూడా ఉన్నాయి

ఒకటి: గేమ్ మీ లాజిక్‌ని ఒప్పుకోదు, రైటర్ లాజిక్‌నే ఒప్పుకుంటుంది. అబద్ధం ఏంటో మీకు ముందే తెలిసిపోయి, సరైన ఆధారాన్నే ఒక వాక్యం ముందు చూపించినా పెనాల్టీ పడుతుంది. ఇది నిజంగా చిరాకు.

రెండు: దర్యాప్తు భాగం కొన్నిచోట్ల సాగతీత. ఏదో ఒక గదిలో ఒకరితో మాట్లాడటం మర్చిపోతే కథ ఆగిపోతుంది, అన్ని గదులూ మళ్లీ తిరగాలి. రెండో గేమ్‌లో సర్కస్ కేసు దగ్గర చాలామంది వదిలేస్తారు. వదలకండి, దాని తర్వాతి కేసు సిరీస్‌లోనే బెస్ట్‌లలో ఒకటి.

మూడు: ఇరవై ఏళ్ల కిందటి రాత. కొన్ని జోకులు, కొన్ని ఆడపాత్రలను చూపించిన తీరు ఇవాళ చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది.

నాలుగు: ఒకసారి అయిపోతే అయిపోయినట్టే. హంతకుడెవరో తెలిశాక రెండోసారి ఆడే కారణం తక్కువ.

కన్సోల్ ఎందుకు వద్దంటున్నా?

ద్వారకా నగర్‌లో నాలుగు అడుగులు వేస్తే ఒక ఫోన్ షాపు, ఇంకో నాలుగు వేస్తే ఒక కోచింగ్ సెంటర్. ఫస్ట్ శాలరీ వచ్చినవాడు, ఇంకా రానివాడు ఇద్దరూ అక్కడే తిరుగుతుంటారు. “స్విచ్ తీసుకోనా బ్రో?” అనే ప్రశ్న వినిపించేది కూడా అక్కడే. నింటెండో ఇండియాలో స్విచ్‌ని అఫీషియల్‌గా అమ్మట్లేదు. దొరికేవన్నీ బయటి దేశాల నుంచి వచ్చినవే. పాడైతే కంపెనీ సర్వీస్ సెంటర్ ఉండదు, షాపువాడి మాటే వారంటీ. ఇండియాకి ఈషాప్ కూడా లేదు, అకౌంట్‌ని వేరే దేశం రీజియన్‌తో నడపాలి.

స్విచ్ ఓఎల్ఈడీ 7 అంగుళాల స్క్రీన్ మీద ఈ గేమ్ అందంగా ఉంటుంది, కాదనను. కానీ కదలని బొమ్మలు, అక్షరాలు చూపించడానికి అంత ఖర్చు అక్కర్లేదు. మీ జేబులో ఉన్న మిడ్‌రేంజ్ ఫోన్‌కి ఇది అసలు లోడే కాదు. పైగా డీఎస్ రోజుల నుంచే ఇది టచ్ స్క్రీన్‌కి అలవాటైన గేమ్, ఫోన్‌లో కంట్రోల్స్ సహజంగా కుదురుతాయి. ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేసుకోవచ్చు. గాజువాక నుంచి మధురవాడ దాకా బస్సులో కూర్చునేవాళ్లకి ఇంతకంటే మంచి హ్యాండ్‌హెల్డ్ గేమ్ నాకు తెలియదు. ట్రాఫిక్ ఆగినా కోర్టు నడుస్తుంది.

‘ఎమియో: ది స్మైలింగ్ మ్యాన్’ సంగతేంటి అని అడుగుతారు. 2024 ఆగస్ట్ 29న వచ్చిన ఈ నింటెండో డిటెక్టివ్ గేమ్ స్విచ్ మీద తప్ప దొరకదు. కథ గట్టిదే. స్విచ్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఆడండి. దానికోసమే స్విచ్ కొనడం మాత్రం లెక్కకి రాదు. ఫోన్ మీద ఇంకోటి కావాలంటే షు టకుమి తీసిన ‘ఘోస్ట్ ట్రిక్’ 2024లో మొబైల్‌కి వచ్చింది. చచ్చిపోయిన హీరో తన హత్య ఎవరు చేశారో తనే వెతుక్కునే కథ. టెక్స్ట్ తక్కువ, పజిల్ ఎక్కువ. చదవడం బోర్ అనుకునేవాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఇంగ్లీష్ గోడ

ట్రైలజీలో జపనీస్, ఇంగ్లీష్, ఫ్రెంచ్, జర్మన్, కొరియన్, చైనీస్ భాషలున్నాయి. తెలుగు లేదు, హిందీ కూడా లేదు. ఇంగ్లీష్ కష్టమైందేం కాదు, ఇంటర్ ఇంగ్లీష్ చాలు. ఇబ్బందల్లా పేర్లతో చేసే చమత్కారాల దగ్గరే. మొదటి కేసులో సాక్షి ఇంటిపేరు సాహ్విట్. వేగంగా పలికితే ‘సా ఇట్’, అంటే చూశాను అని. తెలుగులో చేసుంటే వాడి పేరు చూశారావు అయ్యేది. ఇంగ్లీష్ టీమ్ కూడా ఇలాంటి స్వేచ్ఛే తీసుకుంది: కథని లాస్ ఏంజిలిస్‌కి మార్చి, హీరో అసిస్టెంట్ మాయా ఎగబడి తినే రామెన్‌ని బర్గర్ చేసేసింది. మన ఆర్కే బీచ్‌కి తెస్తే అది మురీ మిక్చర్.

ఇది జోక్‌గా వదిలేయాల్సిన మాట కాదు. రెన్‌పై అనే ఫ్రీ ఇంజిన్‌తో, పైథాన్ కొంచెం వస్తే చాలు, విజువల్ నావెల్ తయారుచేయొచ్చు. కొత్త వెర్షన్లలో హార్ఫ్‌బజ్ సపోర్ట్ ఉంది కాబట్టి మన ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురు కాకుండా చూపించే దారి కూడా ఉంది. కావాల్సింది గ్రాఫిక్స్ కార్డ్ కాదు, ఒక మంచి అబద్ధం, దాన్ని పట్టించే ఒక మంచి ఆధారం. యుగంధర్‌ని చదివిన భాషలో ఆ రెండూ రాయగలిగేవాళ్లు లేరంటే నేను నమ్మను.

వాక్‌త్రూ ఎందుకు వద్దు?

ఓపెన్ వరల్డ్ గేమ్‌లో ఒక మిషన్‌కి గైడ్ చూసినా మిగతా గేమ్ మిగులుతుంది. ఇక్కడ మిగలదు. ఏ వాక్యానికి ఏ ఆధారం చూపించాలో వేరేవాడు చెప్పేస్తే, మీరు చేసేది ట్యాప్ చేయడం మాత్రమే. అప్పుడు “ఇది గేమా, పుస్తకమా” అన్నవాళ్ల మాటే నిజమవుతుంది.

ఏది అడిగినా రెండు సెకన్లలో జవాబు చెప్పే ఏఐ చాట్‌బాట్‌లు ఇప్పుడు అందరి ఫోన్‌లలో ఉన్నాయి. ఆఫీసులో నేనూ వాడతా. కానీ జవాబు తెలియకుండా అరగంట ఉండగలగడం అనే అలవాటు మనలో వేగంగా తగ్గిపోతోంది. ఇంటర్వ్యూలో అయినా, అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు అయినా చివరికి పనికొచ్చేది ఆ అలవాటే. ఇరుక్కుంటే గేమ్ మూసేయండి. నిద్రపోయి లేచి మళ్లీ చదవండి. ప్రతి వాక్యం దగ్గర సాక్షిని గుచ్చి ప్రశ్నించే బటన్ ఉంది, దానికి పెనాల్టీ దాదాపు ఎప్పుడూ పడదు, అది వాడండి. అదే అసలైన హింట్.

ఫైనల్‌గా

తీసుకోండి: థ్రిల్లర్ సినిమాలో హంతకుణ్ణి ఇంటర్వెల్‌కే ఊహించేవాళ్లు, బస్సులో రోజూ గంట కూర్చునేవాళ్లు, ఇంగ్లీష్ చదవడం అలవాటు చేసుకోవాలనుకునేవాళ్లు.

వదిలేయండి: యాక్షన్ కావాలనుకునేవాళ్లు, డైలాగులు స్కిప్ చేసేవాళ్లు, ఒకే గేమ్‌ని పదిసార్లు ఆడి డబ్బులు గిట్టించుకోవాలనుకునేవాళ్లు.

మూడు గేమ్‌లు కలిసిన ప్యాక్ ఇది. స్టీమ్‌లో సేల్స్ తరచుగా వస్తుంటాయి, తొందర లేకపోతే విష్‌లిస్ట్‌లో పెట్టి ఆగండి. ఎమ్యులేటర్, రామ్ ఫైల్ అంటూ దొంగదారి మాత్రం వద్దు. మన దగ్గర కొనేవాళ్లు లేరని కంపెనీలు అనుకున్నంతకాలం, ఆ లాంగ్వేజ్ మెనూలో తెలుగు అనే లైన్ రాదు.