రైట్ అంటే ఏది?

మన పిల్లలకు 'రైట్' ఎన్ని పనులు చేసిపెడుతోందో! జవాబు ఒప్పయితే రైట్. కుడివైపు తిరగాలంటే రైట్. సాంఘికశాస్త్రంలో హక్కు కూడా రైటే. ఆర్టీసీ బస్సు కండక్టరు "రైట్, రైట్" అంటే బండి ఏ పక్కకూ తిరగదు, ముందుకు కదులుతుంది! ఆ రైట్ మనదైపోయింది, ఉండనిద్దాం.

మా బాధ కుడి, ఎడమల గురించే. బదిలీ మీద ఏ రాష్ట్రానికి వెళ్లినా ఇదే చూస్తున్నాం. మైదానంలో హిందీలో "దాహినే ముడ్" అంటే పిల్లలు ఠక్కున తిరుగుతారు. తెలుగు తరగతిలో "ఎడమవైపు బొమ్మ చూడండి" అంటే పక్కవాళ్ల మొహం చూస్తారు. తప్పు వాళ్లది కాదు. ఇంట్లో మనమే "లెఫ్ట్ కాలు పెట్టు" అంటున్నాం.

అన్నం కుడిచే చెయ్యి కుడిచెయ్యి అని చెబితే చాలామంది ఇక మరచిపోరు. (ఎడమచేతి వాటం పిల్లలకు వేరే గుర్తు వెతకాలనుకోండి!) నాగలికి కట్టిన జతలో ఎడమదాన్ని దాపటెద్దు, కుడిదాన్ని వలపటెద్దు అనేవారు రైతులు. ట్రాక్టర్లొచ్చాక ఆ మాటలు వినబడటం తగ్గింది. కుడి ఎడమలకు ఆ సాకు కూడా లేదు, రెండు చేతులూ మన దగ్గరే ఉన్నాయి. సెలవుల్లో అమ్మమ్మ "కుడిపక్క అరలో బెల్లం ఉంది, తెచ్చుకో నాన్నా" అంటే మనవడు ఏ అర తెరవాలి? చిన్నవాళ్లకు చెప్పులు తొడిగేటప్పుడైనా కుడి, ఎడమ అనమని తల్లిదండ్రులను అడుగుతున్నాం.