పొలం బ్యాంకు లాకరు కాదు

షేర్లలో వచ్చిన లాభం, పీఎఫ్ నుంచి తీసిన అడ్వాన్సు, పాడుకున్న చిట్టీ, బంగారం కుదువపెట్టి తెచ్చిన అప్పు... అన్నీ ఇవాళ ఊరి పక్క పొలంలోకే చేరుతున్నాయి. ‘బ్యాంకులో వేస్తే ఏమొస్తుంది, భూమి మీద పెట్టు’ అన్నది ఇంటింటి మాట అయింది. ఎవరి డబ్బు వారిష్టం, రైతు సంఘానికి ఇందులో ఏం పని అని అడిగేవారున్నారు. పని ఉంది. ఆ డబ్బు దిగిన చోట సేద్యం లేచిపోతోంది.

లెక్క చూద్దాం. ఎకరా 50 లక్షలు పలికే ఊరనుకోండి. ఆ సొమ్ముకు 7 శాతం వడ్డీ కట్టినా ఏడాదికి 3.5 లక్షలు. 2025-26లో సాధారణ రకం వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఎకరాకు 25 క్వింటాళ్ల చొప్పున రెండు పంటలు పండినా వచ్చేది 1.18 లక్షలు. అదీ పెట్టుబడి తీయకముందు, మద్దతు ధర పూర్తిగా దక్కితే! అంటే పంట మీద బతికే రైతు పక్క ఎకరం సంగతి అటుంచి, తన అన్నదమ్ముల వాటా కూడా కొనలేడు. కొనగలిగేది పంటతో పనిలేనివాడే.

‘రైతు ఇష్టపడే అమ్ముతున్నాడు, లాభపడుతున్నాడు కదా’ అంటారు. పట్టాదారుకు డబ్బు వస్తున్న మాట నిజమే. కానీ అప్పు తీర్చడానికో, ఆస్పత్రి బిల్లు కట్టడానికో అమ్మినదాన్ని ఇష్టం అనగలమా? ఇక ఆ పొలం దున్నుతున్న కౌలు రైతుకు ఆ బేరంలో పైసా రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూ యజమాని సంతకం తప్పనిసరి. ధర పెరిగితే అమ్ముకుందామని కొన్న నగరవాసి ఆ సంతకం ఎందుకు పెడతాడు? కార్డు లేకపోతే కౌలు రైతుకు పంట రుణం, పరిహారం అందవు. తెలంగాణలో ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయల రైతు భరోసా పట్టాదారు ఖాతాకే పోతోంది. చెమట ఒకరిది, సాయం ఇంకొకరిది.

ఈ దారి వేసింది పాలకులే. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభాల పన్ను లేదు. రైతు పేరు చెప్పి ఇచ్చిన ఈ మినహాయింపు దున్నేవాడికీ, నాలుగేళ్లు ముళ్లకంప పెంచి అమ్ముకున్నవాడికీ ఒకేలా వర్తిస్తోంది. మహారాష్ట్రలో సాగుభూమి కొనాలంటే రైతై ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లో ఆ షరతు లేదు. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి కొనకూడదని విదేశీ మారకద్రవ్య నిబంధనలు చెబుతున్నా, డాలర్లు బావమరిది పేరున పొలాలవుతున్నాయి.

పొదుపు చేసుకున్న ఉద్యోగిపై మాకు కోపం లేదు. అతణ్ని భూమి వైపు తరిమిందీ ఈ విధానాలే. 2004 సెప్టెంబరు తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగికి పాత పెన్షన్ తీసేశారు. ఈపీఎస్ కనీస పెన్షన్‌ను 2014లో నెలకు 1,000 రూపాయలు చేసి అక్కడే వదిలేశారు. ముసలితనానికి భరోసా లేనివాడు బ్రోచరును నమ్ముతాడు. అగ్రిగోల్డ్‌ను నమ్మిన సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లకు కూడా ప్లాట్లే చూపించారు. వారిలో కూలీలు, చిరువ్యాపారులు ఎందరో! రెరాలో నమోదు కాకుండా అమ్మకూడదని 2016 చట్టం చెబుతున్నా ‘ప్రీలాంచ్’ పేరుతో వసూళ్లు ఆగలేదు. వెంచరు ముంచితే పోయేది అతని ముప్పై ఏళ్ల పీఎఫ్. నిలిచినా లాభం కంపెనీది, ఏజెంటుది. రైతు, ఉద్యోగి ఇద్దరూ ఒకే వలలో రెండు చివరల చిక్కుకున్నారు.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. యజమాని సంతకంతో పనిలేకుండా, గ్రామసభ ధ్రువీకరణతో ప్రతి కౌలు రైతుకూ కార్డు ఇవ్వాలి. సాయం సాగు చేసేవారికే అందాలి. పన్ను మినహాయింపును స్వయంగా సాగు చేసినవారికే పరిమితం చేయాలి. రెరా నమోదు లేకుండా సొమ్ము వసూలు చేసినవారిపై కేసులు పెట్టి, ఆ డబ్బు తిరిగి ఇప్పించాలి. పంటకు చట్టబద్ధమైన గిట్టుబాటు ధర, ఉద్యోగికీ కార్మికుడికీ బతకగలిగే పెన్షన్ కావాలి.

చివరి రెండూ విడివిడి కోరికలు కావు. పంట మీద రైతు బతకగలిగితే పొలం అమ్మడు. పెన్షన్ మీద ఉద్యోగి బతకగలిగితే దాన్ని కొనడు. ఈ మాట గ్రామ కమిటీల్లోనే కాదు, ఉద్యోగ, కార్మిక సంఘాల సమావేశాల్లోనూ చెప్పాలి. ఈ నెల నుంచే మొదలుపెడదాం.