వింటి వేగాన్ని కొలిచి చూద్దాము

మన ఊళ్లలో వీధి మొదట నిలిచే తోరణద్వారాన్ని తెలుగువారైనా ఉర్దూవారైనా 'కమాను' అనే అంటారు. ఫారసీ నుండి వచ్చిన ఆ మాటకు అసలు అర్థం విల్లు. ద్వారపు వంపులో వింటి వంపును చూచినవారెవరో ఆ పేరు పెట్టి ఉంటారు. వరంగల్లులో కమానులకు కొదవ లేదు. కాని వాటికి పేరిచ్చిన విల్లును చేతబట్టి చూచినవారు మన కళాశాలలో వ్రేళ్లపై లెక్కింపదగినంత మందే.

కళాశాల క్రీడావిభాగంలో విలువిద్యకు చోటు కల్పించవలెనన్న ఆలోచన పాలకవర్గం వారి ముందున్నట్లు విని మేము ఎంతో సంతోషించాము. అయితే తయారైన విండ్లను తెప్పించే ముందు, విద్యార్థులే కొన్ని కొయ్య విండ్లను చేసి, వాటి బాణాల వేగాన్ని భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కొలవవలెనని మా అభిప్రాయం. పొదుపు కోసం ఈ మాట చెప్పడం లేదు. విల్లును గురించి మనం చెప్పుకొనే మాటలలో ఎంత నిజమున్నదో తేలవలెనని చెబుతున్నాము.

వసతిగృహంలో ఈ సంగతి కదిలితే చాలు, మాటలకు అంతుండదు. ఒకరు గాండీవం అంటారు. మరొకరు తుర్కీ తీరందాజుల సంగతి ఎత్తుతారు. ఇంకొకరు అల్లూరి సీతారామరాజు బొమ్మను చూపుతారు. ఆ మహనీయుని చేతిలో విల్లు లేని బొమ్మను మనం ఊహించలేము. కాని 1922 ఆగస్టులో ఆయన అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడినది తుపాకుల కోసమే గదా! విల్లు ఎంత పని చేయగలదో, ఎక్కడ ఆగిపోతుందో మన్యం వీరులకు బాగా తెలుసు. తెలియనిది మనకే.

ఏటూరునాగారం వైపు నుండి వచ్చిన మా సహాధ్యాయి ఒకరు తమ తాతగారి విల్లును సెలవులలో తెచ్చి చూపించారు. ఒక్క వెదురు బద్ద, దానికి అల్లెత్రాడుగా వెదురు ఈనె, అంతే. కొనలలో ఏ వంకరా లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత అటువంటి విండ్లు చాలావరకు ఇంటి దూలానికే పరిమితమైనవి. వింతేమంటే, అర్ధశతాబ్దానికి పైగా దూరమైన విలువిద్య మ్యూనిచ్ ఒలింపిక్సులో మళ్లీ అడుగుపెట్టినదీ ఆ 1972లోనే. అడవిలో వేటకు ముగింపు పలికిన యేడే మైదానంలో విల్లుకు కొత్త బ్రతుకు మొదలైనది.

ఆ తాతగారి విల్లును చూచి మాలో కొందరు, సిగ్గుతో ఒప్పుకొనవలె, పెదవి విరిచారు. పటాలలో కనిపించే విల్లు అలా ఉండదు. దాని కొనలు ముందుకు వంపు తిరిగి, రెండు అలల వలె ఉంటవి. అటువంటిది చేయవలెనని పట్టుబట్టాము. పూర్వం మొగలాయీల కాలంలో ఆ వంపును కొమ్ము, కొయ్య, నరము అనే మూడింటిని జిగురుతో అతికి సాధించేవారు. విలుకాని వైపు కొమ్ము నొక్కుడును ఓర్చుకొనేది. ఎదుటి వైపు నరము సాగుడును భరించేది. తెలుగులో 'సింగిణి' అన్న పేరు కూడ కొమ్ముకు సంబంధించినదే. మా వద్ద కొమ్ము లేదు, నరము లేదు. ఆరిన వెదురు బద్దలను తెచ్చి, కొనలను మరుగుతున్న నీటి ఆవిరిలో మెత్తబరచి, కొయ్య అచ్చుపై వంచి కట్టాము.

మొదటి విల్లు కణుపు వద్ద ఫెళ్లున విరిగింది. తప్పు మాదే. వెదురుకు బలమంతా పై చర్మానికి దగ్గరగా ఉన్న దట్టమైన నారలో ఉంటుంది. ఆ చర్మం గురి వైపు ఉండవలె. దానిని తాకకుండా లోపలి వైపే చెక్కవలె. నునుపు కోసం మేము కణుపుల మీద కూడ చిత్రిక పట్టాము. రెండవ విల్లుకు ఆకురాయితో పదిసార్లు గీయడం, ఒకసారి వంచి చూడడం, మళ్లీ గీయడం; ఈ విధంగా రెండు చేతులూ సమానంగా వంగే వరకు నాలుగు ఆదివారాలు గడచినవి. అంత ఓపిక మాలో ఉన్నదని మాకే తెలియదు.

అది చూడ ముచ్చటగా ఉన్నది. కాని వేగం కొలిచి చూడగా, మేము పెదవి విరిచిన సాదా విల్లే దానికంటె ముందున్నది!

కారణం వెదుకుతూ పోగా లెక్క తెలిసింది. ఒక విల్లును పూర్తిగా లాగడానికి 18 కిలోల బలం కావలెననుకొందాము. అల్లెత్రాడు 53 సెంటీమీటర్లు వెనుకకు వస్తుంది. బలం సున్న నుండి క్రమంగా పెరుగుతుంది కనుక వింటిలో నిలిచే శక్తి సుమారు 47 జౌళ్లు. 26 గ్రాముల బాణం సెకనుకు 46 మీటర్ల వేగంతో వెడలినచో అది తీసికొనిపోయేది 27 జౌళ్లే. మిగిలిన 20 జౌళ్లు ఏమైనవి? ఎక్కువ భాగం వింటి చేతులను, త్రాటిని కదిలించడానికే ఖర్చయినవి. కొనలు వంచిన విల్లులో త్రాడు మొదట ఆ వంపు మీద ఆని ఉండి, లాగుతున్న కొద్దీ దాని నుండి విడివడుతుంది. అందువలన లాగుడు మొదటనే బలం హెచ్చుగా ఉండి, చివర విపరీతంగా బిగుసుకొనదు. మొత్తం మీద శక్తి ఎక్కువ నిలుస్తుంది. ఇది వంపు చేసే మేలు. అయితే వంపు నిలవవలెనని మేము కొనల వద్ద కొయ్యను మందంగా వదిలాము. అన్నిటికంటె వేగంగా కదలవలసిన చోట అన్నిటికంటె బరువు పెట్టాము. వంపు ఇచ్చిన మేలును ఆ బరువు తినివేసింది.

1930ల నాటికే అమెరికాలో హిక్‌మన్, క్లాప్‌స్టెగ్ అనే భౌతికశాస్త్రవేత్తలు ఈ లెక్కలన్నీ వేశారు. బాణంతో పాటు ఒక అదృశ్యపు భారం కూడ ప్రయాణిస్తున్నట్లు భావించి వింటిని తూచవచ్చునన్నది క్లాప్‌స్టెగ్ ఊహ. పై ఉదాహరణలో ఆ భారం సుమారు 19 గ్రాములు. బాణం బరువులో దాదాపు మూడువంతులు. అందుచేతనే బాణాన్ని 18 గ్రాములకు తగ్గించినా వేగం సెకనుకు 50 మీటర్లను దాటీ దాటనట్లుంటుంది. ఆంగ్లేయులు తరతరాలుగా పొగడుకొన్న గుండ్రని పొడుగు వింటి కంటె చదునైన బద్ద గల విల్లు మేలని కొలిచి తేల్చినవారు కూడ వీరే. ఏటూరునాగారం తాతగారి విల్లు చదునైన బద్దయే అని వేరే చెప్పనక్కరలేదు.

కొలిచే పద్ధతి మన ప్రయోగశాలకు కొత్తది కాదు. 1742లో బెంజమిన్ రాబిన్స్ తుపాకి గుండ్ల వేగాన్ని కనుగొన్న లోలకమే దీనికీ చాలును. 2 మీటర్ల త్రాళ్లతో 3 కిలోల మెత్తని కొయ్య దిమ్మెను వ్రేలాడదీసి దానిలో బాణం నాటినచో, పైన చెప్పిన వేగానికి అది సుమారు 18 సెంటీమీటర్లు వెనుకకు ఊగుతుంది. స్కేలుతో కొలువవచ్చును. రెండవది ధ్వని పద్ధతి. విలుకాని ప్రక్కన సెల్‌ఫోను పెట్టి, త్రాడు మ్రోగిన చప్పుడును, 20 మీటర్ల దూరంలోని గురికి బాణం తగిలిన చప్పుడును నమోదు చేయవలె. నడుమనున్న కాలం దాదాపు అర సెకను. అందులో గురి నుండి ధ్వని తిరిగి వచ్చే కాలాన్ని తీసివేయడం మరువరాదు. మన ఎండలలో అది 0.06 సెకనుకు కొంచెము తక్కువ. స్టాపువాచితో ఈ పని జరుగదు. చేయి పదవ వంతు సెకను తడబడితే 46 కాస్తా దాదాపు 60 అవుతుంది. వసతిగృహంలో మనం విన్న గొప్పలు కొన్ని ఈ విధంగానే పుట్టి ఉండవచ్చును.

ఉర్దూ విభాగపు మిత్రులు తరచుగా తలచుకొనే ఇస్తాంబుల్ 'ఓక్‌మైదాన్' కూడ ఒక విధంగా కొలతల చోటే. తుర్కీలో ఓక్ అంటే బాణం. మైదానమన్న మాట మనదే. అతి దూరం పోయిన బాణాలకు గుర్తుగా అక్కడ రాళ్లు నాటేవారు. పొగడ్తకు రాయి సాక్ష్యముండవలెనన్న ఆ పట్టుదల మాకు నచ్చింది.

కొయ్య విండ్లతో పతకాలు వస్తవా అని పెద్దలు అడుగవచ్చును. ఒలింపిక్సులో రావు. విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్సులో చేపట్టిన వంపు విల్లు నేటి కర్మాగారాల పరికరం. ఆ నగరానికే చెందిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు సాధించిన కాంపౌండు వింటికి కప్పీలు కూడ ఉంటవి. అటువంటి విండ్లను మనం చేయలేము. చేయగలమని నటించనూ రాదు. కాని మన దేశపు పోటీలలో 'ఇండియన్ రౌండ్' అనే విభాగమున్నది. 30, 50 మీటర్ల దూరాలకు వెదురు, కొయ్య విండ్లతోనే అందులో గురి చూస్తారు. మన విద్యార్థులకు అది అందని మెట్టు కాదు.

ప్రమాదాన్ని గురించిన భయం సహేతుకమే. మొదటి విల్లు విరిగినప్పుడు మా మిత్రుని చెంప చీరుకొన్నది. ఆ సంగతిని దాచి ఈ మాటలు వ్రాయడం మాకు న్యాయమనిపించలేదు. కంటి అద్దాలు లేకుండా క్రొత్త విల్లును ఎవరూ లాగరాదు. బాణం లేకుండా త్రాటిని వదలరాదు. అలా వదిలినచో ఆ 47 జౌళ్లూ పోవుటకు చోటు లేక కొయ్య మీదకే తిరిగి వస్తవి. గురి వెనుక మట్టికట్ట ఉండవలె, వ్యాయామోపాధ్యాయులు దగ్గర నిలువవలె. ఇంతకు మించి జాగ్రత్తలు పాలకవర్గం వారు సూచించినచో వాటినీ పాటిస్తాము.

మేము కోరుతున్నవి కొద్దిపాటివే: ఆరిన వెదురు బద్దలు పాతిక, రెండు ఆకురాళ్లు, ఒక స్ప్రింగు త్రాసు, సాయంకాలం గంటసేపు ప్రయోగశాల తాళపుచెవి, విండ్ల కొలతలు వ్రాసుకొనడానికి ఉర్దూ, తెలుగు రెండింటిలోను గీతలు గీసిన ఒక పుస్తకం. దిమ్మెను మేము ముందే సంపాదించుకొన్నాము. ఆ పుస్తకంలో మొదటి పుటను మాత్రం ఏటూరునాగారం తాతగారి వింటికే వదిలి ఉంచదలచాము. వారి మనుమడు దానిని మళ్లీ తేవడానికి ఒప్పుకొన్నాడు.