కానుక సంచి, రసీదు పుస్తకము

నరసాపురము మొదలు రాజమహేంద్రవరము దాక గోదావరి పాయల వెంబడి నున్న పల్లెలలో, అన్నమునకు బియ్యము కొలుచునపుడెల్ల ముందుగా నొక పిడికెడు తీసి వేరు డబ్బాలో వేసి, ఆదివారమునాడు గుడికి తెచ్చి కుమ్మరించు క్రైస్తవ గృహిణులను నేను బాల్యమునుండి యెరుగుదును. 1836లో ఇంగ్లండు విడిచి వచ్చి నరసాపుర ప్రాంతమున స్థిరపడిన బౌడెను, బీరు దొరల పేర్లును, 1845లో రాజమండ్రిలో ఆరంభమైన లూథరను మిషను పేరును చరిత్రకెక్కినవి గాని, ఈ డబ్బాల లెక్క యెవరును వ్రాసినవారు లేరు.

మొన్న నొక విశ్రాంతోపాధ్యాయుడు, ఏడాది పొడవున తానిచ్చిన దశమభాగపు రసీదులన్నియు దారమునకు గ్రుచ్చి తెచ్చి, "వీనికి 80జి వర్తించునా అండీ?" యని యడిగెను. వర్తింపదంటిని. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టములోని యా విభాగము, ఒక్క మతమువారి మేలునకే యేర్పడిన సంస్థ కిచ్చిన సొమ్మునకు మినహాయింపు నీయదు. అనుమతి పొందిన ధర్మసంస్థ సైతము తన రాబడిలో నూటికి 5 వంతులకు మించి మతకార్యములకు వెచ్చింపరాదు. ప్రసిద్ధమైనదని కేంద్రప్రభుత్వము ప్రకటించిన గుడికో చర్చికో చేయించు మరమ్మతులు మాత్రమే యిందులకు మినహాయింపు. 2025 నాటి క్రొత్త చట్టములో విభాగముల అంకెలు మారినవి గాని సారము మారలేదు.

ఇది అన్యాయమని కొందరందురు, నాకట్లు తోపదు. సంఘమున కిచ్చునది ఆరాధనలో భాగము, దానిపై సర్కారునుండి తిరుగు సొమ్ము నాశించుట యేల? పైగా చట్టము కానుక సంచి నొక విధముగా గౌరవించినది: ధర్మసంస్థకు పేరు తెలియని దాతల సొమ్ము హద్దు మీరి వచ్చినచో నూటికి 30 వంతుల పన్ను పడును గాని, కేవలము మతసంస్థకు ఆ బాధ లేదు. నాకు కష్టము తోచునది వేరొకటి. మందిర నిర్మాణమునకు వచ్చిన సొమ్మును అనాథాశ్రమపు పద్దున వ్రాసి రసీదు చింపి యిచ్చు కమిటీలు అక్కడక్కడ లేకపోలేదు. అది దాతను, సంఘమును గూడ చిక్కులలో దింపు పని.

అనుమతి గల ఆస్పత్రికో హాస్టలుకో యిచ్చునది వేరు. 20,000 రూపాయలిచ్చినవానికి, సాధారణముగా, ఇచ్చినది ఆదాయములో పదవ వంతు మించనంతవరకు, అందు సగము పన్ను లెక్కించు ఆదాయమునుండి తగ్గును. 20 శాతము పన్ను కట్టువానికి సెస్సుతో 2,080 రూపాయలు మిగులును. 2,000 దాటిన నగదు గాని, బియ్యపు బస్తాలు, చీరలు గాని లెక్కకు రావు. చెక్కో, బ్యాంకు బదిలీయో కావలెను, సంస్థ యిచ్చు విరాళ ధ్రువపత్రము కావలెను. ఇదంతయు పాత పద్ధతిలో పన్ను కట్టువారికే. క్రొత్త పద్ధతిలో ఈ మినహాయింపు లేదు, 12 లక్షలలోపు ఆదాయమునకు పన్నే లేదు. ఇక వరిచేలు, కొబ్బరితోటలే ఆధారమైనవారికి ఆ రాబడిపై ఆదాయపు పన్ను లేనందున ఈ చింతయే లేదు.

పాత పద్ధతినే పట్టుకొనియున్న మా మాస్టారు అంతయు విని, రసీదులను మరల దారమునకు గ్రుచ్చుకొని, ఆస్పత్రి ఖాతా నంబరు వ్రాసి యిమ్మనెను.