రాజభవనము వంటి వరుసయిండ్లు

స్కాట్లండు రాజధానియగు ఎడింబరోలో షార్లెటు స్క్వేరునందలి యుత్తరపు వరుసను జూచినవారికి అది యొక్క రాజభవనమనియే తోచును. నిజమున కవి గోడకు గోడ చేర్చి కట్టిన వేఱువేఱు గృహములు. రాబర్టు ఆడము అను శిల్పి 1791వ సంవత్సరమున వాని కన్నింటికిని ఒకే ముఖమును గల్పించి, నడుమ స్తంభములను, వానిపై త్రికోణశిఖరమును నమర్చెను. మఱుసటి యేటనే యాతడు మరణించినను, ఆ ముఖము వాని చిత్రముల ననుసరించియే లేచెను.

అందు 7వ యిల్లు నేడు ప్రదర్శనశాల. అతిథులు కూర్చుండు విశాలమగు చావడి మేడపైని. వంటిల్లు వీథిమట్టమునకు దిగువను. వంటకములను, నీళ్లను, బొగ్గును పరిచారికలు మెట్లవెంట మోయుచుండిరి. ఇంటి యందమును వీథినుండి కొలుచుట సులభము. పొయ్యియొద్దకు వెలుతురు చేరునా, బరువెవరు మోయుదురు అని యడుగుట యిల్లాండ్ర వంతు. ఇల్లు కట్టించువారు ముందుగా వంటింటి పటమును జూడవలయును.