చూచే కన్ను, కదిలే చెయ్యి



కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు చెప్పగానే బయటివారికి యురేనియం గని గుర్తుకొస్తుంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళవారికి మాత్రం చీనీ తోటలు, అరటి తోటలు, వేరుశనగ చేలు గుర్తుకొస్తాయి. అక్కడి పెద్దలకు గొర్రు పట్టడం ఎవరూ పలకమీద వ్రాసి నేర్పలేదు. తండ్రి విత్తనం వేస్తుంటే గట్టున కూర్చుని చూచారు. తల్లి జొన్నరొట్టె తడుతుంటే పొయ్యి దగ్గర కూర్చుని చూచారు. చెక్కభజనలో అడుగులు వేసేవారు కూడా ముందు ఎన్నో రాత్రులు చూచినవారే. కళ్ళతో చూచిన పని చేతికి, కాలికి ఎలా వస్తుంది?

దీనికి కొంత జవాబు ఇటలీ దేశంలోని పార్మా నగరంలో దొరికింది. అక్కడ రిజోలాటి అనే శాస్త్రజ్ఞుడు, ఆయన బృందం కోతుల మెదడును పరిశీలిస్తున్నారు. కోతి తిండిని చేతితో అందుకొన్నప్పుడు మెదడులోని కొన్ని కణాలు చురుకవుతాయి. ఇది ఎదురుచూచినదే. కాని కోతి కదలకుండా కూర్చుని, ఎదుటి మనిషి ఆ తిండిని అందుకోవడం చూచినప్పుడు కూడా అవే కణాలు చురుకయ్యాయి! ఈ సంగతి 1992లో ప్రకటించారు. ఎదుటివారి పనిని అద్దంలా చూపుతున్నాయి గనుక 1996లో వాటికి 'అద్దపు కణాలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

మరి మనుష్యుల మాట ఏమిటి? 1995లో అదే నగరంలో మనుష్యులను పరీక్షించారు. ఇంకొకరు వస్తువును పట్టుకొంటుంటే చూస్తున్నవారి చేతి కండరాలు, పైకి కదలకపోయినా, లోలోపల ఆ పనికి సిద్ధమవుతున్నట్లు తేలింది. 2005లో లండన్‌లో నాట్యకారులకు నాట్యాలు చూపించి మెదడును ఫోటో తీశారు. తాము నేర్చుకొన్న నాట్యం చూచినప్పుడు వారి మెదడు ఎక్కువగా స్పందించింది. తాము నేర్వని నాట్యానికి అంతగా స్పందించలేదు. చెక్కభజన ఆడినవాడు గట్టున కూర్చుని చూస్తున్నా అతని కాలు ఊరకుండదని మనకు తెలుసు కదా!

అయితే ఈ కణాల వల్లనే మనం ఇతరుల మనస్సును అర్థం చేసుకొంటున్నామని, జాలిపడుతున్నామని కొందరు చెప్పిన మాటలు ఇంకా వివాదంలోనే ఉన్నాయి. చూడటం, చేయడం అనే రెండు పనులకూ మెదడులో కొంత చోటు ఉమ్మడిగా ఉన్నదన్నంతవరకు మనం ధైర్యంగా నమ్మవచ్చు.

ఇప్పుడు ఇంకొక మెట్టు ఎక్కుదాం. చూడను కూడా చూడకుండా, మనస్సులో ఊహించుకొంటే? 1992లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. నాలుగు వారాలపాటు కొందరు చిటికెనవ్రేలికి నిజంగా వ్యాయామం చేశారు. మరికొందరు చెయ్యి కదపకుండా, ఆ వ్యాయామం చేస్తున్నట్లు ఊహించుకొన్నారు, అంతే. చేసినవారి వ్రేలి బలం 30 శాతం పెరిగింది. ఊహించినవారికి 22 శాతం పెరిగింది! కండ పెరిగి కాదు. కండకు ఆజ్ఞ పంపే మెదడు తన పనిని మరింత బాగా నేర్చుకొన్నందువల్లనే అని ఆ శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఈ సంగతి మన ఇండ్లకు ఎందుకు కావాలి? పక్షవాతం వల్ల.

మన పల్లెల్లో పక్షవాతం వచ్చిన మనిషిని మంచంమీద పడుకోబెట్టి, పడిపోయిన చేతిని దుప్పటి క్రింద దాచి, "ఇక ఆ చెయ్యి రాదులే" అనుకొంటాము. రోగి కూడా ఆ చేతిని మరచిపోతాడు. వాడకపోతే మెదడు కూడా దాన్ని మరచిపోతూ వస్తుంది. చెయ్యి బాగానే ఉన్నది. దెబ్బ తిన్నది మెదడు. దెబ్బ తగలని భాగాలు ఆ పనిని కొంతైనా అందుకోగలవు. కాని వాటికి అభ్యాసం కావాలి. కదలని చేతితో అభ్యాసం ఎలా?

ఇక్కడే అద్దం సాయపడుతుంది. మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ 1990లలో ఈ ఉపాయం కనిపెట్టారు. చెయ్యి తీసివేసిన తరువాత కూడా ఆ లేని చేతిలో నొప్పి అంటున్నవారికి మొదట దీన్ని వాడారు. 1999లో పక్షవాత రోగులమీద ప్రయత్నించిన ఫలితాలు వెలువడ్డాయి. 2018లో 62 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, మామూలు చికిత్సతోపాటు దీన్ని చేసినవారిలో చేతికాళ్ళ కదలిక కొంత మెరుగుపడినట్లు కనిపించింది.

పద్ధతి ఇది. రోగిని బల్లముందు కూర్చోబెట్టండి. రెండు చేతుల మధ్య ఒక అద్దం నిలువుగా, కదలకుండా నిలపండి. అద్దం ముఖం మంచి చేతివైపు ఉండాలి. పడిపోయిన చెయ్యి అద్దం వెనుక కనపడకుండా ఉండాలి. మంచి చేతికున్న గాజులు, ఉంగరాలు తీసివేయండి. ఇప్పుడు మంచి చేతిని మెల్లగా మూస్తూ, తెరుస్తూ అద్దంలోకే చూడమనండి. పడిపోయిన చెయ్యే కదులుతున్నట్లు కనపడుతుంది. అదే సమయంలో వెనుకనున్న చేతిని కూడా కదపాలని ప్రయత్నించమనండి. మొదటిసారి ఫిజియోథెరపీ తెలిసినవారివద్ద నేర్చుకొని, తరువాత ఇంట్లో రోజూ చేయించవచ్చు. తల తిరిగినా, కలవరం కలిగినా ఆపివేయండి.

అద్దం ముందు లేని సమయంలో ఊహను వాడండి. ఏదో కొత్త వ్యాయామం కాదు. ఆ మనిషి జీవితమంతా చేసిన పని. అవ్వ అయితే సంగటి కెలకడం, తాత అయితే కొడవలి పట్టడం. "అవ్వా, కళ్ళు మూసుకో. తెడ్డు నీ చేతిలో ఉంది, తిప్పు," అని ప్రక్కన కూర్చుని ఒక్కొక్క మెట్టూ చెప్పండి. తరువాత ఆ పనిని ఆమె ఎదుట మీరు చేసి చూపండి.

ఇవి మందులకు, నిజమైన వ్యాయామానికి బదులు కావు. అందరికీ ఒకేలా పనిచేయవు. మేలు కూడా మెల్లగానే కనిపిస్తుంది. అన్నిటికంటే ముందు, ముఖం వంకరపోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా పసరు వైద్యం అంటూ తిరగక వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి.

గండం గడచి ఇంటికి వచ్చినవారి మంచాన్ని మాత్రం గోడవైపు త్రిప్పి వేయకండి. పొయ్యి కనపడేటట్లు, వాకిలి కనపడేటట్లు వేయండి. ఇంట్లోవారు పనిచేస్తుంటే చూడనివ్వండి. ఆ చూపు కూడా మెదడుకు ఒక అభ్యాసమే.