కూలిగా పోసిన వైన్

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుంచి బయల్దేరే టూరు బస్సుల్లో ఒకే టికెట్టు మీద రెండు సరుకులు అమ్ముతారు. పొద్దున చరిత్ర, మధ్యాహ్నం వైన్. పొద్దున స్టెలెన్‌బాష్ అనే పాత ఊళ్ళో తెల్లసున్నం గోడల ఇళ్ళు చూపిస్తారు. మధ్యాహ్నం ఆ ఊరి చుట్టూ ఉన్న ద్రాక్షతోటల్లో కూర్చోబెట్టి ఐదారు రకాల వైన్ రుచి చూపిస్తారు. ఒకదానికీ మరొకదానికీ సంబంధం లేనట్టు, భోజనం తర్వాత తాంబూలంలా వడ్డిస్తారు. కానీ ఆ ఊళ్ళో చరిత్రా వైనూ ఒకటే. ఆ ఇళ్ళు తోటల రాబడి మీద లేచాయి. ఆ తోటలు బానిసల చేతుల మీద పెరిగాయి. బానిసత్వం రద్దయ్యాక కూడా ఆ వైన్‌నే కూలిలో భాగంగా పోశారు. ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఎనిమిది గంటల ప్రయాణంలో ఆ ఒక్క నిమిషం ఎందుకు దొరకదన్నదే నా ప్రశ్న.

ఒక సదస్సుకి వెళ్ళినప్పుడు చివరిరోజు మమ్మల్ని ఈ టూరుకి తీసుకెళ్ళారు. బస్సులో ఎక్కువమందిమి ఆడవాళ్ళమే, ఎక్కువమందిమి పాఠాలు చెప్పేవాళ్ళమే. మూడు రోజులపాటు స్త్రీల శ్రమ గురించీ, చరిత్రలో స్త్రీల అదృశ్యం గురించీ పత్రాలు చదివి ఉన్నాం. అందుకే ఆ రోజు మాకు చూపించినదాన్ని గురించీ, చూపించనిదాన్ని గురించీ రాయాలనిపించింది.

స్టెలెన్‌బాష్ 1679లో పుట్టింది. డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున కేప్‌ని పాలించిన సైమన్ వాన్ డర్ స్టెల్ దానికి తన పేరు పెట్టుకున్నాడు. ఆయన నాటించిన ఓక్ చెట్ల గురించి గైడు ఎంతో మురిపెంగా చెప్పాడు. డోర్ప్ వీధిలో నడిపించాడు. మ్యూజియంగా మార్చిన 1709 నాటి ఇల్లు చూపించాడు. ఇంటి ముఖభాగం వంపులు, గడ్డి కప్పు, కలప సామాను, అన్నీ వర్ణించాడు. వంటింట్లో పెద్ద పొయ్యి ముందు నిలబడి ఫోటోలు తీసుకోమన్నాడు. ఆ పొయ్యి ముందు ఎవరు కూర్చున్నారో మాత్రం చెప్పలేదు. వంటిల్లు చూపించి వంట చేసినవాళ్ళని దాచేయడం మన దగ్గర కోటల్లోనూ గడీల్లోనూ చూసిందే కాబట్టి అది నాకు కొత్తగా అనిపించలేదు.

గైడు చెప్పనిది ఇంకొకటుంది. ఊరికి పేరిచ్చిన ఆ సైమన్ వాన్ డర్ స్టెల్ అమ్మమ్మ మోనికా భారతదేశపు స్త్రీ, బానిసత్వం నుంచి విడుదలైన మనిషి. పుస్తకాల్లో ఉన్న విషయమే ఇది. మనవడి పేరు ఊరంతా ఉంది. అమ్మమ్మ పేరు చెప్పిన చోటు ఆ రోజు నాకు ఎక్కడా కనపడలేదు. వంశవృక్షాల్లో తండ్రుల కొమ్మలకి మాత్రమే నీళ్ళు పోసే అలవాటు అక్కడా ఇక్కడా ఒకటే.

మోనికా ఒంటరి కాదు. 1652కీ, బానిస వ్యాపారం ఆగిన 1808కీ మధ్య సుమారు 63,000 మందిని కేప్‌కి బానిసలుగా తెచ్చారని చరిత్రకారుల అంచనా. అందులో దాదాపు పావు వంతు మన ఉపఖండం నుంచే, అంటే బెంగాల్, మలబార్, కోరమాండల్ తీరాల నుంచి వెళ్ళినవాళ్ళు. కోరమాండల్ అంటే మన తీరమే. మచిలీపట్నంలోనూ పులికాట్‌లోనూ డచ్చివాళ్ళ కోఠీలుండేవి. కరువులొచ్చినప్పుడు, యుద్ధాలొచ్చినప్పుడు ఈ రేవుల నుంచి వాళ్ళు మనుషుల్ని కూడా ఓడలకెక్కించారు. అద్దకం బట్టల వ్యాపారం గురించి మనం చదువుకున్నాం, ఈ వ్యాపారం గురించి చదువుకోలేదు.

1657లో బటావియా నుంచి ప్రవాస శిక్షపై కేప్‌కి చేరిన ఒక స్త్రీ పేరు రికార్డుల్లో 'కతారినా వాన్ పలియకట్టా' అని ఉంది. అంటే పులికాట్ కతారినా. ఆ పులికాట్ సరస్సునే మనం ప్రళయకావేరి అంటాం. ఆమెకి తల్లి పెట్టిన పేరు ఏదో ఆ రికార్డు చెప్పదు. ఊరి పేరే ఇంటిపేరైంది. ఇంకా కొందరికి అదీ దక్కలేదు. ఫిబ్రవరి, ఏప్రిల్, సెప్టెంబర్ అని నెలల పేర్లు తగిలించారు. ఈనాటికీ కేప్‌లో సెప్టెంబర్ అనే ఇంటిపేరు ఉన్నవాళ్ళున్నారు.

బానిస స్త్రీ చేసే పని తోటతో అయిపోలేదు. యజమాని బిడ్డకి పాలివ్వడమూ ఆమె పనే. బానిస తల్లి కన్న బిడ్డ బానిసే అన్నది నియమం. తండ్రి యజమానే అయినా సరే. అంటే ఆమె గర్భం కూడా తోటలాగే ఆస్తి. 1834లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు, కేప్‌లో ఇంకో నాలుగేళ్ళు 'శిక్షణ' పేరుతో అదే చాకిరీ చేయించారు. నష్టపరిహారం కూడా ఇచ్చారు. యజమానులకి!

గైడు తన చరిత్రని పద్దెనిమిదో శతాబ్దంలో ఆపేశాడు. చరిత్ర ఎంత పాతదైతే అంత నిరపాయం కదా. ఆ ఊరి నడిమధ్యలో, విశ్వవిద్యాలయం పక్కన, డీ ఫ్లాక్టే అనే పేట ఉండేది. 'కలర్డ్' అని ముద్రవేసిన కుటుంబాలు అక్కడ కాపురాలుండేవి. బానిసల వారసులు చాలామంది ఆ ముద్ర కిందికే వచ్చారు. 1964లో ఆ పేటని తెల్లవాళ్ళ ప్రాంతంగా ప్రకటించి, ఆ కుటుంబాలని ఊరి చివరలకి తోసేశారు. వాళ్ళ పిల్లలు చదువుకున్న లక్‌హాఫ్ స్కూలు భవనం విశ్వవిద్యాలయం చేతికి పోయింది. ఈ మధ్య ఆ విశ్వవిద్యాలయమే దీన్ని ఒప్పుకుని గుర్తుచేసుకుంటోంది. టూరు మాత్రం గుర్తుచేసుకోలేదు.

అక్కడి నుంచి కొండల మధ్యనున్న ఫ్రాన్ష్‌హూక్‌కి తీసుకెళ్ళారు. మతహింస తట్టుకోలేక ఫ్రాన్స్ వదిలి వచ్చిన హ్యూగెనాట్లు 1688 నుంచి స్థిరపడిన లోయ అది. వాళ్ళ స్మారకం దగ్గర అందరం చాలాసేపు నిలబడ్డాం. భూగోళం మీద నిలబడిన ఒక స్త్రీ. ఒక చేతిలో బైబిలు, రెండో చేతిలో తెగిన సంకెల. మత స్వేచ్ఛకి ప్రతీక అని చెప్పారు. ఆ స్మారకాన్ని ఆవిష్కరించింది 1948 ఏప్రిల్‌లో. మరుసటి నెలలోనే వర్ణవివక్షని విధానంగా ప్రకటించుకున్న పార్టీ అధికారంలోకి వచ్చింది. స్వేచ్ఛని చెక్కాలనుకున్నప్పుడు రాతిలో స్త్రీని చెక్కారు. ఆ లోయలోనే నిజమైన సంకెలలో బతికిన స్త్రీలకి ఆ తోటలో చోటు లేదు. స్త్రీ బొమ్మకి దండం, స్త్రీ మనిషికి దండన. మనకి ఈ లెక్క బాగా తెలుసు.

ఇక వైన్. తోటలో పొడవాటి బల్లలు, వరసగా గ్లాసులు. రంగు ఎలా చూడాలో, వాసన ఎలా పీల్చాలో, నాలుక మీద ఎంతసేపు ఉంచుకోవాలో ఓపిగ్గా నేర్పారు. 1925లో అక్కడి ప్రొఫెసర్ పెరోల్డ్ రెండు ద్రాక్ష రకాలని కలిపి పినొటాజ్ అనే కొత్త రకాన్ని సృష్టించిన కథ చెప్పారు. ఇందులో పొగాకు వాసన వస్తోందా, చాక్లెట్ తగులుతోందా అని అడిగారు. చెమట వాసన గురించి ఎవరూ అడగలేదు.

ఆ తోటల్లో వైన్‌కి ఇంకో కొలత ఉండేది. దాని పేరు 'డాప్'. కూలీలకి కూలిలో భాగంగా, రోజులో అనేకసార్లు, చవకరకం వైన్ పోసేవారు. పనిలోకి దిగేముందు ఒకసారి, మధ్యలో మళ్ళీ మళ్ళీ, పొద్దుగూకాక ఇంకోసారి. బానిసల కాలంలో మొదలైన ఈ పద్ధతిని 1960లలో చట్టం నిషేధించినా 1990ల దాకా అక్కడక్కడా సాగింది. మనిషిని తోటకి కట్టిపడేయడానికి గొలుసు అక్కర్లేదు, అలవాటు చాలు అని యజమానులు కనిపెట్టారు. ఆ కనిపెట్టిన పద్ధతి గురించి కూడా పినొటాజ్ గురించి చెప్పినంత గర్వంగా చెప్పొచ్చు కదా!

గర్భంలో ఉండగానే మద్యం తగిలి ఎదుగుదల దెబ్బతిన్న పిల్లలు ప్రపంచంలోనే అత్యధికంగా నమోదైన ప్రాంతాల్లో ఈ ద్రాక్షతోటల ప్రాంతం ఒకటి. అది వినగానే వేలు ఎవరి వైపు చూపిస్తారో ఊహించడం కష్టం కాదు. కడుపుతో ఉండి తాగిన తల్లి వైపు. తరతరాలుగా ఆమె ఇంట్లోకి మద్యాన్ని కూలిగా పంపినవాడి వైపు వేలు వెళ్ళదు. అతని ఇంటి ముఖభాగం అందంగా ఉంది కదా, ఫోటో తీసుకుంటున్నాం.

మా గ్లాసులు తీసుకెళ్తున్న ఒకామెని ఇక్కడే ఉంటారా అని అడిగాను. తోటలోనే, భర్తకిచ్చిన ఇంట్లో ఉంటానంది. అతని ఉద్యోగం పోతే? ఆమె భుజాలెగరేసి నవ్వింది. తోటల్లో మగవాళ్ళకి ఏడాది పొడవునా పని, ఇల్లు. ఆడవాళ్ళకి కోతల కాలంలో మాత్రమే కూలి. ఆమెకి ఇంటి మీద హక్కు భర్త ద్వారానే. కొట్టే భర్తని వదిలేస్తే ఇల్లు కూడా వదలాలి. అక్కడి స్త్రీల సంఘాలు ఏళ్ళ తరబడి చెప్తున్న మాట ఇది. 2012 చివర్లో డి డోర్న్స్ అనే ఊళ్ళో, తినే ద్రాక్ష పండించే తోటల్లో మొదలైన సమ్మె ఇతర తోటలకీ పాకింది. అప్పుడు కూలీల కనీస వేతనం రోజుకి 69 రాండ్లు. మనుషుల ప్రాణాలు పోయాక, 2013 మార్చి నుంచి అది 105 అయింది. ఆ సమ్మెలో ఆడవాళ్ళు ముందు వరసలో ఉన్నారు.

నా పక్కన కూర్చున్న ఒక తెలుగు అధ్యాపకురాలు, "ఏంటండీ మీరు, ఒక్క పూటైనా హాయిగా ఉండనివ్వరా?" అంది. తర్వాత కొంచెం పదునుగా, "ఆడవాళ్ళు నలుగురిలో కూర్చుని తాగితే మీకూ కష్టంగానే ఉందన్నమాట" అని కూడా అంది. ఈ వాదనకి జవాబు చెప్పాలి. ఆడది తాగాలా వద్దా అన్నది మొగుడో అత్తో పత్రికలో పెద్దమనుషులో తేల్చే విషయం కాదు. ఆ హక్కుతో నాకు పేచీ లేదు. పేచీ అల్లా, నా గ్లాసు నా స్వేచ్ఛకి గుర్తు అంటున్నప్పుడు అది ఇంకొకామె కూలికి కూడా గుర్తు అన్న సంగతి మర్చిపొమ్మనడంతోనే.

దీనికింద ఇంకో నమ్మకం ఉంది. సారా వేరు, వైన్ వేరు అన్న నమ్మకం. సారా పేదవాడి వ్యసనం, వైన్ చదువుకున్నవాళ్ళ సంస్కృతి. సారా తాగినవాడు తూలుతాడు, వైన్ తాగినవాడు రుచి చూస్తాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మలాంటి ఆడవాళ్ళు సారా కొట్లు మూయించినప్పుడు దాన్ని నీతి ఉద్యమం అని మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళు లేవనెత్తింది కూలి ప్రశ్న. పొద్దంతా చేసిన కష్టం సాయంత్రానికి ప్యాకెట్లలోకి ఎలా వెళ్తోంది, ఆ ప్యాకెట్లని ఊరి నడిబొడ్డుకి చేరుస్తున్నది ఎవరు, ఆ రాబడి ఎవరిది అని అడిగారు. 'వారుణి వాహిని' అని అందమైన పేరు పెట్టి ప్రభుత్వమే సారా సరఫరా చేసిన రాష్ట్రం మనది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు. రాబడి గెలిచింది.

నెల్లూరులో కూలి డబ్బుగా చేతికొచ్చి, తర్వాత సారా కొట్టుకి పోయేది. స్టెలెన్‌బాష్‌లో ఆ మధ్యదారి కూడా లేకుండా చేశారు. కూలిలో కొంత సరాసరి మద్యంగానే గొంతులో పోశారు. అందుకే దూబగుంట ఆడవాళ్ళు ఆ టూరు బస్సులో ఉంటే మొదటి గ్లాసుకి ముందే అసలు ప్రశ్న అడిగి ఉండేవాళ్ళు. దానికి పరిశోధన పత్రం అక్కర్లేదు.

టూరిజం వల్ల ఉద్యోగాలొస్తాయి కదా అంటారు. వస్తాయి. అలా వచ్చిన ఉద్యోగాల్లో జీతమెంత, ఇల్లు ఎవరి పేరు మీద అని అడగడం టూరిజానికి వ్యతిరేకం కాదు. నల్లజాతి స్త్రీలు కూడా వైన్ తయారుచేస్తున్నారు, ఇంకేం కావాలి అని కూడా అంటారు. న్‌త్సికి బియెలా స్టెలెన్‌బాష్‌లోనే చదువుకుని దేశంలో వైన్ తయారుచేసిన తొలి నల్లజాతి స్త్రీ అయింది, తన వైన్‌కి అమ్మమ్మ పేరు అస్లీనా అని పెట్టుకుంది. ఊరికి తన పేరు పెట్టుకున్న గవర్నరు కన్నా ఆమెకి అమ్మమ్మల విలువ ఎక్కువ తెలుసు. అయితే ఒక్కామె సీసా మీదికెక్కిందని తోటలో వంగి గుత్తులు కోస్తున్న వేలమంది లెక్క తీరిపోదు. ఒక్కామెని చూపించి మిగతావాళ్ళని నోరు మూసుకోమనడం మనకి కొత్త కాదు.

ఇప్పుడు నాసిక్‌లోనూ నంది హిల్స్ దగ్గరా ఇలాంటి ఒక్కరోజు యాత్రలు అమ్ముతున్నారు. మనవాళ్ళు వెళ్తున్నారు, మనమూ వెళ్తాం. వెళ్ళొద్దని నేననను. వెళ్ళినచోట మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ ఇల్లు ఎవరు కట్టారు? ఈ గుత్తులు ఎవరు కోశారు, వాళ్ళకి ఏమిచ్చారు? ఆ కోసినామె ఉంటున్న ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? గైడుకి జవాబు తెలియకపోవచ్చు. పది బస్సుల్లో పది మంది అడిగితే పదకొండో బస్సు వచ్చేసరికి తెలుసుకుని ఉంటాడు. టూరు కంపెనీకి మన మనస్సాక్షితో పనిలేదు గానీ మన టికెట్టుతో పని ఉంది. చరిత్రకి డబ్బు కట్టాం కాబట్టి చరిత్ర మొత్తం ఇమ్మని అడుగుదాం.